మామ చేతికి రాని తాళంచెవి

నా చిన్నప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక రేకుల ఇళ్ల వరుసలో ఉండేవాళ్లం. నాన్నది షిఫ్టు పని, ఏ పూట ఇంట్లో ఉంటాడో ఆయనకే సరిగ్గా తెలిసేది కాదు. ఇల్లు దాటితే పట్టాలు, పట్టాలు దాటితే ఉప్పల్ పోయే రోడ్డు. దవాఖానా, సంత, బస్సు, అన్నీ అవతలే. మధ్యలో రైల్వే గేటు. ఆ గేటు కాపలా మా మేనమామది. ఆ ఒక్క సంగతితో నేను బడిలో చేసిన దర్జా అంతా ఇంతా కాదు. మా మామ తలుచుకుంటే లారీలు కూడా ఆగిపోతాయి మరి!

ఆ గేటు ఎలా పనిచేసేదో కొంచెం చెప్పాలి. రైలు వస్తోందని స్టేషన్ క్యాబిన్ నుంచి ఫోను రాగానే మామ గేటు దించి తాళం వేసేవాడు. ఆ తాళంచెవిని తీసుకుని గేటు గదిలోకి వెళ్లి, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో పెట్టి తిప్పేవాడు. చెవి ఆ పెట్టెలో పడితేనే అక్కడ క్యాబిన్‌లో ఉన్నాయన రైలుకు సిగ్నల్ ఇవ్వగలడు. ఒకసారి సిగ్నల్ ఇచ్చాడంటే, రైలు దాటిపోయి సిగ్నల్ మళ్లీ ఎర్రగా మారేదాకా పెట్టె ఆ చెవిని వదలదు. గేటు తెరిచి ఉంటే సిగ్నల్ పడదు, సిగ్నల్ పడి ఉంటే గేటు తెరుచుకోదు. అప్పట్లో నాకు ఇవేవీ తెలియవు. మామ ఎప్పుడు తీయాలనుకుంటే అప్పుడు గేటు లేస్తుందనే అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ బయట బట్టలు ఉతుకుతుండగా, మా తమ్ముడు స్టవ్ పక్కనున్న సీసా ఎత్తి కిరోసిన్ తాగేశాడు. అప్పుడప్పుడే నడుస్తున్న పిల్లవాడు. అమ్మ చూసేసరికి దగ్గుతూ, ఊపిరి తీసుకోలేక, కళ్లు తేలవేస్తున్నాడు. పక్కింటి రిక్షా ఆయన అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని ఎక్కింది, నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. దారంతా వాడి ఒంటి మీది కిరోసిన్ వాసన.

గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడి ఉంది. గూడ్సు బండి ఒకటి వస్తోంది. మామ పరుగెత్తుకొచ్చి తమ్ముడి ముఖం చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, గేటు తియ్యి! పోరడు పోతుండు!" అని అమ్మ అరిచింది.

"బండి మీదికొచ్చింది చెల్లె. గిది పోంగనే తీస్త. నువ్వు దిగకు, గట్లనే కూసో."

అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. తోడబుట్టినవాణ్ణి అలా చూడటం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆమె నోట వచ్చిన శాపనార్థాలు ఇక్కడ రాయను.

గూడ్సు బండి సంగతి తెలిసిందే కదా, ఎంతకీ తెగదు. డబ్బా వెనక డబ్బా ధడధడలాడుతూ పోతుంటే నేల అదురుతోంది. అమ్మ పిలుపులు ఆ మోతలో కలిసిపోయాయి. చివరి డబ్బా అలా దాటిందో లేదో, ఇటూ అటూ ఆగిన లారీలు ఒక్కసారిగా ఇంజన్లు లేపాయి. రిక్షా ఆయన ముందు చక్రాన్ని గేటు గడకు ఆనించి, పెడలు మీద కాలు పెట్టి నిలుచున్నాడు. మామ గదిలోకి పరుగెత్తాడు. అమ్మ నన్ను వెనకనుంచి తోసింది, మామ దగ్గరికి పొమ్మని.

నేను గడపలో నిలబడి చూస్తుండగా మామ పెట్టెలోని తాళంచెవి తిప్పాడు. అది తిరగలేదు. రెండు చేతులతో తిప్పాడు. తిరగలేదు. బయట హారన్లు, తిట్లు. "బండి పోయింది గద, ఇంకేంది నీ లొల్లి!" అని ఎవరో గట్టిగా అరుస్తున్నారు. మామ పెట్టెను పిడికిలితో గుద్దాడు. తర్వాత మూల ఉన్న పెద్ద పానా అందుకుని పెట్టె మీద ఒక దెబ్బ వేశాడు. నాకు ఏడుపు వచ్చేసింది. గట్టిగా మాట కూడా అనని మనిషి, కళ్లవెంట నీళ్లు కారుతుండగా, "ఇడువే, ఇడువు!" అని ఆ ఇనుప పెట్టెను బతిమాలుతున్నాడు. రెండో దెబ్బకు పానా ఎత్తాడు.

అప్పుడే గది కిటికీ వణికింది. అవతలి పట్టా మీద, వరంగల్ వైపు నుంచి, ప్యాసింజరు రైలు ఒకటి కూత వేస్తూ దూసుకొచ్చింది. అంతసేపూ గూడ్సు అడ్డం ఉండటంతో అది ఎవరికీ కనపడలేదు. దాని సంగతి చెప్పడానికి క్యాబిన్ నుంచి ఫోను మోగిందట. గూడ్సు మోతలో, అమ్మ ఏడుపులో మామకు అది వినపడలేదు. చెవి ఇంకా పెట్టెలోనే ఉంది కనుక క్యాబిన్ ఆయన ఆ రైలుకూ సిగ్నల్ ఇచ్చేశాడు, అందుకే పెట్టె దాన్ని వదల్లేదు. రిక్షా చక్రం ముందు నుంచి కిటికీలు, కిటికీల్లో మనుషులు వరుసగా పోతూనే ఉన్నారు. గేటు లేచి ఉంటే అమ్మా, తమ్ముడూ, రిక్షా ఆయనా అప్పటికి పట్టాల నడిమిట్లో ఉండేవాళ్లు.

మామ చేతిలోంచి పానా జారి కింద పడింది. రైలు దాటిన కాసేపటికి ఆయన లేని ఓపిక తెచ్చుకుని మళ్లీ చెవి పట్టుకున్నాడు. ఇందాక అంత గుద్దినా కదలనిది, ఇప్పుడు మామూలుగా తిరిగి చేతిలోకి వచ్చేసింది. గేటు లేచింది. నేను పరుగెత్తి ఎక్కగానే రిక్షా ముందుకు దూకింది. మామ మాత్రం మాతో రాలేడు, డ్యూటీలో ఉన్న మనిషి. వెనక్కి తిరిగి చూస్తే గేటు గడ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

తమ్ముడు బతికాడు. సాయంత్రం ఆ కబురు అందేదాకా మామ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని తర్వాత అత్తయ్య చెప్పింది.

కొన్నాళ్లకు మామ నన్ను స్టేషన్ క్యాబిన్‌కు తీసుకుపోయాడు. మెట్లెక్కి పైకి పోతే రంగురంగుల మీటలు వరుసగా నిలబడి ఉన్నాయి. సిగ్నల్ మీట చూపించి లాగమన్నాడు. నేను గోడకు కాలు తన్నిపెట్టి మరీ లాగాను. కదలలేదు. నాతో పాటు ఆయనా లాగాడు. కదలలేదు. అప్పుడు క్యాబిన్ ఆయన నవ్వుతూ పక్కనున్న వేరే మీట లాగాడు. దూరాన పట్టా పక్కకు జరిగి సరిగ్గా కూర్చుంది. ఆ తర్వాతే సిగ్నల్ మీట కదిలింది. సిగ్నల్ పడ్డాక మళ్లీ ఆ పట్టా మీట లాగబోతే, ఈసారి అది బిగుసుకుపోయింది.

"నేను ఆనాడు తలెత్తి సిగ్నల్ దిక్కు సుత సూడలే బిడ్డా," అన్నాడు మామ. "పానం కొట్టుకుంటాంటే మనిషి ఏం జేస్తడో, దీన్ని జేసినోనికి ముందుగాల్నే ఎర్క. చెడ్డోళ్ల కోసం జెయ్యలే ఇది. నా అసొంటోని కోసం జేసిండు."

ఆ ఏడు రాఖీ పున్నానికి అమ్మ రెండు రాఖీలు కొన్నది. ఒకటి అన్నకు కట్టింది. రెండోది గేటు గదిలోకి పోయి, పానా దెబ్బకు సొట్టపడ్డ ఆ పెట్టె పిడికి కట్టి, బొట్టు పెట్టింది. "ఇది నాకంటె పెద్దన్న అయిందా నీకు?" అని మామ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆ గేటు ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ కట్టింది.

ఇప్పుడు అక్కడ వంతెన వచ్చింది. గేటు లేదు, పెట్టె లేదు, మామ లేడు, అమ్మా లేదు. కిరోసిన్ తాగిన మహానుభావుడు ఉప్పల్‌లో బొజ్జ పెంచుకుని, మెట్రో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఊరంతటినీ తిడుతూ హాయిగా ఉన్నాడు.

మొన్నటి వానల్లో నా మనవడికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. ఉప్పల్ చౌరస్తా దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. నా కొడుకు కారును రాంగ్ సైడులోకి తిప్పబోయాడు, అవతల ఖాళీగా ఉంది కదా అని. ఒళ్లో పిల్లవాడు కొట్టుకుంటుంటే నా ప్రాణమూ అటే లాగింది. అయినా కొడుకు చెయ్యి పట్టుకుని, "వద్దు, ఆగు" అన్నాను. వాడు నావైపు తిరిగి చూశాడు. ఆనాడు అమ్మ మామను చూసిన చూపే అది. దారి దొరికేదాకా ఆ చూపును భరించాను, వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.