సొట్ట పడని తలుపులు

సంతలకు జనాన్ని చేరవేసే నా పాత జీపులో సొట్ట లేని చోటంటూ లేదు. కిష్టారం అడవి దారిలో రాళ్లకూ మోడులకూ తగిలి తలుపులు రేకు డబ్బాల్లా నలిగిపోయాయి. లోపలివైపు నుంచి సుత్తితో ఎన్నిసార్లు సరిచేసినా వారం తిరక్కుండానే మళ్లీ సొట్టలు పడేవి. విసుగెత్తి, వెల్డింగు షాపులో రెండు తలుపుల మీదా మందపాటి ఇనుప షీటు వేయించాను.

"ఇగ బండరాయి తగిలినా ఏంగాదన్నా," అన్నాడు వెల్డరు.

మర్నాడు ఎర్రబోరు సంతలో జీపు నిలిపాను. ఎప్పుడూ నా బండిలోనే ఇంటికెళ్లే ముసలమ్మ, ఇప్పపువ్వు అమ్ముకుని ఖాళీ గంపతో వచ్చింది. తలుపు తడిమి చూసి వెనక్కి తగ్గింది.

"ఏందవ్వా, ఎక్కు," అన్నాను.

"ఇది ఫోర్సోళ్ల బండి లెక్కుంది బిడ్డా. దీంట్ల నుంచి దిగితే, పోలీసోళ్లకు కబుర్లు మోస్తున్ననని ఊళ్లో అన్నలు అనుకోరా?"

ఆమె నడిచే పోయింది. ఆమెను చూసి మిగతావాళ్లూ కదిలారు. సాయంత్రం దాకా ఒక్కరూ ఎక్కలేదు. ఆ బండి తప్ప నాకు వేరే బతుకు లేదు.

ఇంటికి రాగానే సుత్తి తీసుకుని ఆ తలుపుల మీద పడ్డాను. నా పాత సొట్టలే నాకు కావాలి. అరచేతులు బొబ్బలెక్కేదాకా బాదాను. ఒక్క సొట్టా పడలేదు.