గంగమణి ఎంచుకున్న నల్ల పడవ

నా భార్య గంగమణి ధర్మపురిలో, గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టింది. నేను బడిపంతులును, ఈత కూడా రాదు. నక్సలైట్ల రోజుల్లో నాకు గంభీరావుపేటకు బదిలీ అయింది. నర్మాల దగ్గర ఎగువ మానేరు డ్యాం నీళ్లు చూసిన రోజే, "ఒక పడవ కొందాం. చేపలకు కాదు, ఊకెనే నడుపుకుంట తిరగనీకి" అన్నది. గాలి లేస్తే అక్కడ అలలు పెద్దవే. కొత్తది చేయించే స్తోమత లేక, వాడిన పడవ వెతుకుతూ ఒక శనివారం బయల్దేరాం.

సిరిసిల్లలో ఆరింటి బస్సెక్కితే తొమ్మిది దాటాక కోరుట్లలో దిగాం. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన అక్కడ చూసిన తీరులో చేయించుకున్న నీలిరంగు పడవ అమ్మకానికుంది. నాకు చూడగానే నచ్చింది. గంగమణి చెరువులో దాన్ని కొంతదూరం నడిపి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. అంచు మీంచి నీళ్లు లోపలికొచ్చాయి.

"దుబాయిల గిట్లాంటియే ఉంటయక్కా" అన్నాడాయన.

"గాడ నీళ్లు కదలకపోవచ్చు తమ్మీ. మా దగ్గర గిది ముంచుతది."

అక్కణ్నుంచి జగిత్యాలకు బస్సులో గంటలోపే. యాకూబ్ చాచా అనే వడ్రంగి దగ్గర తారు పూసిన నల్ల పడవ ఉంది. అంచులు ఎత్తు, అడుగు వెడల్పు, చూపుకు మోటు. ఆమె అతుకుల్లో మేకు గుచ్చి చూసింది. తర్వాత బిందెలతో లోపల నీళ్లు పోయించింది. వెనకవైపు ఒక అతుకు చెమర్చింది.

"నా కండ్లకు ఆనలేదు బిడ్డా" అని చాచా దూది కుక్కి మళ్లీ తారు పెట్టాడు. చెరువులో గాలికి ఎదురు నడిపితే ముక్కు పైకి లేచి అల మీదెక్కింది. రెండువేల రెండువందలకు ఖాయమైంది, వ్యాన్ కిరాయి ఇంకో ఆరువందలు.

సిరిసిల్ల దాటాక పోలీసులు ఆపారు. ఎస్సై పడవ పలకలన్నీ లేపించి చూశాడు. "ఎవర్ని దాటిస్తారు దీంట్లో?" అని అడిగాడు. ఆ రోజుల్లో పంతులు పేరు వాళ్ల పుస్తకంలోకెక్కితే మామూలు సంగతి కాదు.

"ఎవల్నీ దాటియ్యం సారూ. నీళ్లల్ల తిరిగి, ఎక్కిన కాన్నే దిగుతం" అంది గంగమణి.

"మరెందుకమ్మా?"

"మంచిగనిపిస్తది."

ఆయన కాసేపు ఆమె చేతులకేసి చూశాడు. పొద్దుటి నుంచి తెడ్డు పట్టి ఎర్రబడ్డాయి. "చీకటి పడకముందే ఒడ్డుకు రండి" అని వదిలేశాడు.

మర్నాడు నీళ్ల మధ్యకు వెళ్లాం. అల వచ్చినప్పుడల్లా నేను పలకను గట్టిగా పట్టుకున్నా, ఆమె నవ్వుతూనే ఉంది. ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు అని పోలీసులూ నక్సలైట్లూ ఇరువైపులా అడిగే కాలం అది. అక్కడ మాత్రం ఎవరూ అడగలేదు. కాసేపటికి నేనూ చేతులు వదిలి కూర్చున్నాను.

వాడిన పడవ కొనేవాళ్లకు ఒక్క మాట: నీళ్లలో దించేముందు దాని లోపల నీళ్లు పోసి అరగంట ఆగండి. ఏ అతుకు కారుతుందో బయట కనిపిస్తుంది.