ఒంటరివాడు కాని దేవుడు

మా నాన్న పాస్టరు. భోగాపురం దగ్గర ఊళ్ళో, రేకుల కప్పున్న చిన్న చర్చి ఆయనది. నా చిన్నప్పటి ఆదివారాల్లో ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఒకటుంది. దేవుడు ఒంటరివాడు కాడు. లోకం పుట్టకముందే ఆయనలో తండ్రి ఉన్నాడు, కుమారుడు ఉన్నాడు, పరిశుద్ధాత్మ ఉన్నాడు. కుమారుడు లేకపోతే తండ్రికి తండ్రి అనే పేరే లేదు. దేవుడంటేనే బంధం. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. ఈ మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం బాగా తగ్గేది.

ఆ మాటని నేను ఇప్పటికీ నమ్ముతాను. నాన్న మీద నాకింత కోపం అందుకే.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప విజయనగరంలో చదువుకునేటప్పుడు అరసవల్లి అబ్బాయిని ఇష్టపడింది. తరాలుగా గుళ్ళో సన్నాయి వాయించే కుటుంబం వాళ్ళది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం నాన్న వాక్యం ముగించి, పుస్తకం మూసి, "ఇకనుంచి నాకు ఒకతే కూతురు. సంఘం గుర్తుంచుకోవాలి" అన్నాడు. అందరూ తిరిగి నన్ను చూశారు. అప్పని చెరిపేసిన చోట నన్ను నిలబెట్టినందుకు ఒళ్ళు మండిపోయింది.

అప్ప మతం మారలేదు. అత్తారింట్లో మారమన్నవాళ్ళూ లేరు. వాళ్ళ దేవుడి గూటి పక్కన కిటికీలో బైబిలు పెట్టుకుని చదువుకునేది. ఆ సంగతి నేను చెప్పబోతే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు.

పాప పుట్టాక ఒక ఈస్టరు నాడు అప్ప చెప్పకుండా చర్చికొచ్చింది. పాపని ఎత్తుకుని ఆడవాళ్ళ వైపు, చాప మీద అమ్మ పక్కన కూర్చుంది. నాన్న చూశాడు. చూసి కూడా ఆ రోజు తండ్రీ కుమారుల గురించే చెప్పాడు, ఎప్పటికంటే బాగా చెప్పాడు. తర్వాత ప్రభువు శరీరమని సంఘానికి పంచే రొట్టె పళ్ళెం పట్టుకుని వరసగా వచ్చాడు. అమ్మకిచ్చాడు. అప్ప చెయ్యి చాపింది. ఆ చేతిని దాటి పక్కనున్న ముసలామెకిచ్చాడు. అప్ప చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాంతో పాప జుట్టు సర్దింది. అమ్మ రొట్టె ముక్కని గుప్పిట్లోనే ఉంచుకుంది.

ఆరాధన అయ్యీ అవగానే అప్ప ఆటో ఎక్కేసింది. ఇంట్లో అన్నాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను.

"కొడుకు లేకపోతే తండ్రే లేడంటావు గదా నాన్నా. మరి నువ్వేటి?"

"ఆ బంధంలో పాపం లేదు" అన్నాడు కూర కలుపుకుంటూ. "నన్నెందుకు ఇడిసేసినావని సిలువ మీద కొడుకు అరిసినప్పుడు తండ్రి పలికినాడేటి? పలకలేదు. ప్రేమ లేకనా? మొహం తిప్పుకోవడం కూడా తండ్రి పనే."

అంత నీచమైన మాట నేనెక్కడా వినలేదు. దేవుడు పడ్డ నొప్పిని తెచ్చి తన పంతానికి ముసుగేసుకున్నాడు. అమ్మ మాట్లాడింది.

"మూడో రోజుకి ఆ తండ్రి కొడుకుని లేపుకున్నాడు. మీరు పిల్లని ఎప్పుడు లేపుతారు?"

నాన్న సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

అప్పట్నుంచి అమ్మ సంచి సర్దుకుని అరసవల్లి వెళ్ళడం మొదలుపెట్టింది. దాచి వెళ్ళదు, అనుమతీ అడగదు. "పిల్ల దగ్గరికెళ్తన్నాను, గంజన్నం ఉన్నాది" అని చెప్పి బస్సెక్కేస్తుంది. అప్ప అత్తగారు మాట దాచుకునే మనిషి కాదు. ఓసారి నన్నడిగింది: "మీ దేవుడు ముగ్గురు కలిసి ఉంటాడంట గదా. మీ నాన్నేటి, ఇంట్లో ఒక్కడే కూకుంటాడు?"

నాకు నవ్వు రాలేదు. ఆయన్ని వెనకేసుకురావాలనీ అనిపించలేదు.

ఈమధ్య ఆయనకి చూపు తగ్గింది. వాక్యం చదవడానికి వేరేవాళ్ళు కావాలి. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్న నాకు మొన్న ఫోన్ చేసి చాలాసేపు ఎండల గురించి, ఎయిర్‌పోర్టు రోడ్డు దుమ్ము గురించి మాట్లాడాడు. చివర్న, "మీ అప్పని ఓసారి రమ్మను" అన్నాడు.

"నేను సెప్పను. నంబరిస్తాను, నువ్వే పిలు."

"నువ్వు సెప్తే సాలదా?"

"సాలదు. సంఘంలో నిలబడి కాదన్నావు. ఆ నోటితోనే పిలు."

ఫోన్ పెట్టేశాడు. ముసలాయన మీద జాలి పడాలని నాకు తెలుసు. పడలేకపోయాను.

ఆ సాయంత్రమే అరసవల్లి వెళ్ళి, రమ్మన్నాడని కాకుండా, ఫోన్‌లో జరిగిందంతా అప్పకి చెప్పాను. పాపకి జడ వేస్తోంది. చెయ్యి ఆపకుండా, "ఆయన పిలిస్తే ఎళ్తాను. నువ్వు సెప్తే మాత్రం ఎళ్ళను" అంది.

అప్ప నంబరు ఆయనకి పంపించాను. ఆయన అప్పకి ఇంకా ఫోన్ చెయ్యలేదు.