అంగడి పైన ఇల్లు

ఈ రోజు మా పక్కింటి రంగయ్యన్నతో కలిసి అనంతపురం పాతూరులో కొత్త అపార్టుమెంటు చూడటానికి వెళ్లాను. కింద అంగళ్లు, పైన ఇళ్లు. ఒకప్పుడు అక్కడే ఆయన బట్టల అంగడి ఉండేది, దాని పైనే కాపురం. అది అమ్మేసి బైపాస్ అవతల మా కాలనీకి వచ్చినప్పటి నుంచి ఆయన భార్య లక్ష్మక్కకు మాట తగ్గిపోయింది. పాత ఇంట్లో ఆమె కిటికీలోంచి బుట్ట దించి, కూరగాయలు బేరమాడి తీసుకునేది. మా కాలనీలో మధ్యాహ్నం పలకరించే మనిషే ఉండడు.

మూడో అంతస్తులో ఇల్లు చూపించిన అమ్మాయి, "ఇది కొత్త పద్ధతి సార్, కిందికి దిగితే అన్నీ దొరుకుతాయి" అంది.

రంగయ్యన్న కిటికీ దగ్గరకు వెళ్లాడు. "బజారు యాడుండాది పాపా?"

"అటువైపు సార్. ప్రకటనల బోర్డులు పెట్టాలని అటు మొత్తం గోడ కట్టారు. ఇటు పార్కింగ్. రోడ్డు గోల అసలు వినపడదు."

"ఆ గోల కోసమే వచ్చినాము తల్లీ" అన్నాడు నెమ్మదిగా.

మెట్లు దిగుతుంటే లక్ష్మక్క ఫోన్ చేసింది. "ఏమయ్యా, ఎట్లుండాది ఇల్లు? బజారు కనపడతాందా?" ఆ గొంతులో అంత ఆత్రం విని చాలా కాలమైంది.

"బాగుండాది. అయితే అన్నీ అమ్ముడుపోయినాయంట లే" అన్నాడు రంగయ్యన్న.

ఇద్దరం బండెక్కి ఇంటికి బయలుదేరాము. ఆ ఇంటికి ప్లాను గీసినాయన ఎవరో గానీ, కిటికీలోంచి ఎప్పుడూ వంకాయలు బేరమాడినట్టు లేడు.

మీ ఊళ్లో అంగడి పైన కాపురముండి, కింది మనుషులతో మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే చెప్పండి, లక్ష్మక్కను ఒక పూట తీసుకొస్తాను.