మోతె నుంచి యాదమ్మ

ఈ బరువు ఎన్నేళ్లుగా మోస్తున్నానో లెక్కపెట్టడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

సూర్యాపేటలో ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో మా రేడియో స్టేషన్ ఉండేది. పాటలు తక్కువ, మాటలు ఎక్కువ. మొదటినుంచీ ఉన్నదాన్ని కదా అని, ఈ మధ్య మా సారు దాని చరిత్ర నన్నే రాయమన్నారు. మనకు మొదట ఫోన్ చేసింది మోతె యాదమ్మ, అక్కడినుంచి మొదలుపెట్టమన్నారు. చెయ్యి కదల్లేదు.

యాదమ్మ అనే మనిషి లేదు. నేనే యాదమ్మను.

మొదట్లో మధ్యాహ్నం ముచ్చట్లు అనే కార్యక్రమానికి ఒక్క ఫోనూ వచ్చేది కాదు. మైకు ముందు కరుణ ఒక్కతే మాట్లాడి మాట్లాడి అలసిపోయేది. ఒకరోజు డాబా ఎక్కి, స్టేషన్లో ఎవరికీ తెలియని నంబరు నుంచి మా నాయనమ్మ గొంతుతో ఫోన్ చేశాను. కరుణ ఎంత మురిసిపోయిందో. ఆ మురిపెం చూశాక నిజం ఎట్లా చెప్పను? మర్నాడు మళ్లీ చేశాను.

నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని కళ్లు మూసుకుంటే మోతెలో నాకో ఇల్లు కనిపించేది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు, పక్కన పడుకున్న మేక. ఆ వాకిట్లోంచే మాట్లాడేదాన్ని. కిందికి దిగాక కూడా నా ఇల్లు ఏదో, యాదమ్మ ఇల్లు ఏదో కాసేపు తెలిసేది కాదు. అంత హాయిగా నేనెప్పుడూ బతకలేదు.

అప్పుడు కోదాడ దగ్గర చిలుకూరు నుంచి సుగుణమ్మ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఆమెకు కావలసింది కరుణ కాదు, యాదమ్మక్క. ఒకరోజు ఆమె, మర్నాడు నేను, రేడియోలోనే ఒకరికొకరం జవాబు చెప్పుకునేవాళ్లం. మిర్యాలగూడలో ఉండే చెల్లెలు తన కూతురి పెళ్లికి ఈమెను బొట్టు పెట్టి పిలవలేదట, ఫోన్లో చెప్పి ఊరుకుందట. ఈమె పెళ్లికి పోలేదు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. నేనే పోయి పలకరించనా అక్కా, అని అడిగింది.

పొమ్మనాలి. కోదాడలో బస్సెక్కితే ఎంతసేపు? నేనేమన్నానో తెలుసా?

"నువ్వు పెద్దదానివి సుగుణా. జర ఆగు. అదే వస్తది, బొట్టు వెట్టి పిలుస్తది."

ఎందుకన్నాను? ఆ ముచ్చట కోసమే జనం రేడియో పెట్టేవారు. చెల్లె వచ్చిందా అని బజార్లో కరుణను ఆపి అడిగేవారు. అక్కచెల్లెళ్లు కలిస్తే ముచ్చట ఖతం. సుగుణమ్మ ఇంక ఫోన్ చేయదు, డాబా మీద నా ఇల్లు ఉండదు. ఇది నాకు అప్పుడే తెలుసు, తెలియదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె అడిగిన ప్రతిసారీ ఆగమనే చెప్పాను. ఒక్కోరోజు మా రేడియో మిర్యాలగూడలోనూ వినిపించేది. ఆ చెల్లెలు కూడా విన్నదా? విని, అక్క ఇంక రాదులే అనుకుందా?

చెల్లెలు గుండెపోటుతో పోయింది.

సుగుణమ్మ చివరిసారి ఫోన్ చేసేసరికి కార్యక్రమం అయిపోయింది, కరుణ వెళ్లిపోయింది. నేనే ఎత్తాను, నా సొంత గొంతుతో.

"యాదమ్మక్కకు ఒక మాట చెప్తావా అమ్మా? మా చెల్లి పోయింది. అప్పుడు బొట్టు పెట్టి పిలవలేదని పోలేదు. ఇప్పుడు పిలవకుండానే పోయొచ్చాను."

కబురు రాసుకోవడానికన్నట్టు పెన్ను తీశాను.

"అక్క నా మంచికే చెప్పింది. మనసులో పెట్టుకోవద్దని చెప్పు. పాపం, బాధపడతది."

"చెప్తనమ్మా," అన్నాను.

ఆ తర్వాత యాదమ్మ ఫోన్ చేయలేదు. ఆమెకేమైందోనని కరుణ చాలా రోజులు బెంగపెట్టుకుంది. సుగుణమ్మ ఎలా ఉందో నేను కనుక్కోలేదు. ఎన్నోసార్లు కోదాడ బస్సు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఎక్కితే ఏమని చెప్పను? ఆమె ఓదార్చమన్న మనిషిని నేనేనని చెబితే, ఆమెకు మిగిలిన ఆ ఒక్క అక్క కూడా పోతుంది కదా. ఇది జాలో, పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పిరికితనమే అయ్యుంటుంది.

సారు అడిగిన చరిత్ర రాయలేదు. రాసింది ఇదొక్కటే. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. కానీ ఈ మాట ఒక్కసారైనా నా గొంతుతో అనాలి.

మోతెలో యాదమ్మ లేదు సుగుణమ్మా. నిన్ను ఆగమన్నది నేను.