ఖాళీగా వెళ్లిన గిన్నె

ఆర్డిస్ లుండీన్ గురించి ఆ ఊళ్లో అందరిదీ ఒకటే మాట. ఎంత మంచు కురిసినా స్కూలు బస్సు నడపగలదు గానీ గుడ్డు ఉడకబెట్టడం చేతకాదని. ఆ మాట ఆమే చెప్పుకుని నవ్వేది.

బస్సు నడిపే రోజుల్లో ఒక జనవరి ఉదయం, ఒక స్టాపులో పిల్లలతో పాటు వాళ్లమ్మ కూడా నైట్‌గౌనుతో, ఉత్తకాళ్లతో మంచులో నిలబడి ఉంది. ఆర్డిస్ ఏమీ అడక్కుండా ఎక్కించుకుంది. పెద్దవాళ్లని ఎందుకు ఎక్కించావని స్కూలు వాళ్లు ఆమెను సంజాయిషీ అడిగారు. ఆ మనిషిని మంచులోకి నెట్టినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ కోపం ఆర్డిస్‌లో ఇప్పటికీ చల్లారలేదు. అప్పటినుంచీ ఆమె ఇంటి మేడగది మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చేవాళ్లది. అక్కడ ఎవరున్నారో బయటికి పొక్కకూడదు, అంతే.

ఈ చలికాలం ఆ గదిలో లోర్నా ఉంది. కుడిచేతి వేళ్లకు కట్టు. చిన్నప్పుడు ఆర్డిస్ బస్సులో స్కూలుకెళ్లిన పిల్లే. ఆమె మొగుడు డెల్ కూడా ఆ బస్సెక్కినవాడే.

ఆర్డిస్‌కి జ్వరమని తెలిసి, పక్కవీధి ఇర్మా ఓవెన్‌లో కాల్చిన కోడిమాంసం నూడుల్సు తెచ్చిచ్చి వెళ్లింది. గిన్నె అడుగున అంటించిన పట్టీ మీద ఇర్మా పేరుంది. ఎవరి గిన్నె వాళ్లకు చేరాలి, ఖాళీగా మాత్రం చేరకూడదు. అక్కడి ఆడపిల్లలకు అది తల్లి నేర్పే మర్యాద. ఆర్డిస్ నిద్రపోతుంటే లోర్నా ఆ గిన్నె కడిగి, ఎడమచేత్తో పిండి కలిపి, యాలకులూ నారింజ తొక్కూ వేసి కేకు ముక్కలు చేసింది. మూతపెట్టి వరండాలో ఉంచింది. ఇర్మా వచ్చి పట్టుకెళ్లింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గర ఇర్మా వాటిని పంచింది.

"ఆర్డిస్ పంపిందర్రా. జ్వరంతో పాటు వంట కూడా వచ్చినట్టుంది."

అందరూ నవ్వారు, డెల్ తప్ప. ఒక ముక్క కొరికి, రెండోది రుమాల్లో చుట్టుకున్నాడు. మధ్యాహ్నానికి పాస్టర్ హల్వర్‌ను వెంటబెట్టుకుని ఆర్డిస్ గుమ్మంలో ఉన్నాడు.

"ఆంటీ, లోర్నా పైన ఉంది కదూ? దాని చేతి వంట నాకు తెలీదా?"

"వంట తెలిసింది, సరే. ఆ చేతిని కారు తలుపులో పెట్టి నొక్కినప్పుడు అది ఎవరి చెయ్యో తెలీలేదట్రా?"

డెల్ కళ్లు తుడుచుకున్నాడు. పాస్టర్ గొంతు తగ్గించాడు. "పశ్చాత్తాపపడుతున్నాడు ఆర్డిస్ గారూ. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక్కసారి..."

"వీడి ఏడుపు నాకు కొత్త కాదు పాస్టర్ గారూ. బస్సులో చిన్నపిల్లల టోపీలు లాక్కుని కిటికీలోంచి విసిరేవాడు. దించేస్తానంటే ఏడ్చేవాడు. టోపీ పోయినవాడి ఏడుపు ఒక్కడికీ వినబడేది కాదు. షెరీఫ్‌కి ఫోన్ చేసే తలుపు తీశాను. పోలీసులు వచ్చేదాకా ఉంటారో, వెళ్తారో మీ ఇష్టం."

వెళ్లారు. కానీ ఇల్లు తెలిసిపోయింది.

లోర్నా మెట్ల మీద కూలబడింది. "ఖాళీ గిన్నె ఎలా పంపను ఆంటీ? చెయ్యి ఊరుకోలేదు."

"నీ తప్పేం లేదమ్మా. బట్టలు సర్దుకో."

చీకటి పడకముందే ఆర్డిస్ ఆమెను దూరంగా మరో ఊళ్లో, మరో ఇంటికి చేర్చింది. తిరిగొస్తుంటే ఆ పాత కోపమే మళ్లీ రాజుకుంది. వేళ్లు విరగ్గొట్టినవాడు తన మంచం మీద తను పడుకుంటాడు. వేళ్లు విరిగినవాళ్లు మూటలు పట్టుకుని ఇళ్లు మారాలి.

మర్నాడు ఇర్మా అదే గిన్నెలో మళ్లీ ఏదో వండుకొచ్చి ఏడ్చింది. "లోర్నా ఇక్కడుందని నాకు తెలీదే."

"ఆమె నా ఇంట్లో ఉందని తెలీదు, నిజమే. డెల్ ఇన్ని వారాలు ఒంటరిగా చర్చికొస్తున్నాడు కదా, లోర్నా ఏదిరా అని మీలో ఒక్కరైనా అడిగారా?"

ఇర్మా గిన్నె అక్కడే వదిలి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఆర్డిస్ ఆ గిన్నె తెచ్చి కాఫీ బల్ల మధ్యలో పెట్టింది. మూత తీసింది. ఖాళీ. ఆ ఊళ్లో అది మొహాన ఉమ్మినంత పని.

"ఇది నింపి పంపిన మనిషికి ఊళ్లో చోటు లేకుండా చేశారు," అంది ఆర్డిస్, డెల్ వైపు చూపిస్తూ. "ఎందుకు పారిపోయిందో వీణ్ణి అడగండి."

డెల్ ఏమీ విననట్టు కప్పు ముందుకు చాపాడు. కాఫీ పోస్తున్నది ఇర్మా. ఆమె ఆ కప్పులో పోయకుండా కెటిల్ బల్ల మీద పెట్టేసింది.

"లోర్నా చేతికి ఏమైంది డెల్?" అంది.