ముంజేయి ఆనే చోటు

కాటేదాన్‌లోని వడ్రంగి దుకాణంలో కార్తీక్ చివరిసారి చేసిన పని, ఇస్హాక్ చెవి మీదున్న పెన్సిలును అడగకుండా లాక్కోవడం. దాంతో గిటారు పై అంచున, కుడి ముంజేయి ఆనే చోట, జానెడు గీత గీశాడు.

"ఇక్కడ కాస్త ఏటవాలుగా చెక్కాలి, భాయ్. చెయ్యి ఒత్తుకుంటోంది."

గీత సరిగ్గా ఇస్హాక్ అతికించిన తెల్లపట్టీని కోసుకుంటూ పోయింది. ఇస్హాక్ మొహం మాడిపోయింది.

"పదేండ్ల సంది ఒత్తలే, ఇయ్యాల ఒత్తుతుందా? నవాబు చెయ్యి అయిపాయెనా ఏంది, తమ్మీ?"

"వయసు మీద పడుతోంది కదండీ." కార్తీక్ నవ్వాడు. నలభై రెండేళ్ల మనిషి. మే నెల ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"అంచు తీస్తే సబ్బుబిళ్ల లెక్క ఉంటది. సబ్బుబిళ్ల కావాలంటే కిరాణా దుకాణానికి పో."

కార్తీక్ ఇంకోసారి అడగలేదు. గీతను బొటనవేలితో చెరిపి, గిటారును సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అతను ఎయిర్‌పోర్టు కార్గోలో గుమాస్తా. తెనాలి నుంచి వచ్చి శంషాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. శని, ఆదివారాల సాయంత్రాలు దగ్గర్లోని ఒక హోటల్లో, విమానం ఆలస్యమై కూర్చున్న వాళ్ల ముందు గిటారు వాయించేవాడు. వాళ్లలో సగం మంది గడియారం వైపే చూస్తుండేవాళ్లు. కార్తీక్ దాన్ని పట్టించుకునేవాడు కాదు.

పదేళ్ల కిందట, తలుపులూ సోఫాలూ చేసుకునే ఇస్హాక్ దగ్గరికి అతను మొదటిసారి తెచ్చిన ఎలక్ట్రిక్ గిటారు బాణం తోకలా రెండుగా చీలి ఉండేది. నిలబడితే సినిమా హీరోలా కనిపించేవాడు. కూర్చుంటే అది తొడ మీంచి జారి కిందికొచ్చేది. "ఇది మనిషికి చేసింది కాదు, గోడకు చేసింది" అన్నాడు ఇస్హాక్. కార్తీక్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, దర్జీలాగా తాడుతో కొలతలు తీసుకున్నాడు. పాత టేకు తలుపు చెక్కతో కొత్త ఒళ్లు చేశాడు. తొడ మీద కుదురుగా నిలవడానికి నడుము దగ్గర వంపు పెట్టాడు. ఎడమ చెయ్యి మెడ మీది చివరి మెట్ల దాకా పోవడానికి, మెడకు అటూ ఇటూ పొడుచుకొచ్చే కొమ్ముల్లో కిందిదాన్ని చెక్కేశాడు. భుజానికి తగిలించుకున్నప్పుడు మెడ నేలకు వాలకుండా పై కొమ్మును పొడవుగా ఉంచాడు. వెనక వైపు ఎవరూ చూడరు గనక, పొట్ట ఆనే చోట లోతుగా గుంట తీశాడు. ముందు వైపు మాత్రం అద్దంలా చదును. చుట్టూ సన్నటి తెల్లపట్టీ. ఆ పట్టీ ఒక్కటే పదకొండు రోజుల పని.

"గా గొంతు నా టేకుది" అని ఇస్హాక్ అందరితో అనేవాడు.

"గొంతు తీగల కింది అయస్కాంతాలది, భాయ్. ఆకారం నా ఒంటి కోసం."

"మరి అందం?"

"అది మీ కోసం."

ఈ మాటను ఇస్హాక్ పదేళ్ల పాటు జోకుగా చెప్పుకున్నాడు.

పెన్సిలు గీత గీసిన రెండు వారాలకు, హోటల్లో తీసిన వీడియో ఒకటి ఇస్హాక్ ఫోన్‌కు వచ్చింది. గిటారు పై అంచు మీద మడతపెట్టిన తువ్వాలు, దాని చుట్టూ టేపు. తెల్లపట్టీ కనిపించడమే లేదు. "నా పనికి ముసుగేసిండు" అని ఇస్హాక్ మండిపడ్డాడు. ఆ వారం కార్తీక్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇస్హాక్ ఎత్తలేదు. మూడోసారి అదే నంబరు నుంచి కార్తీక్ భార్య కావేరి చేసింది. పొద్దున బాత్‌రూమ్‌లో పడిపోయాడట, గుండె ఆగిపోయిందట.

పరామర్శకు వెళ్లిన ఆ ఇంట్లోనే ఇస్హాక్‌కు అసలు సంగతి తెలిసింది. కార్తీక్‌కు రెండు కిడ్నీలూ పోయి ఎనిమిది నెలలైంది. వారానికి మూడుసార్లు డయాలసిస్. అందుకోసం కుడి ముంజేతిలో చిన్న ఆపరేషన్ చేసి నరం పెద్దది చేశారు. సూదులు గుచ్చేది అక్కడే. ఆ చోట ఏదీ ఒత్తుకోకూడదు. ఉద్యోగం పోతుందని, హోటల్ వాళ్లు వద్దంటారని అతను ఎవరికీ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదనేవారు, అన్నయ్యగారూ."

ఇస్హాక్‌కు ఒళ్లు మండింది. అయినా అది నిజమే.

కావేరి గిటారును చూడలేనంది. ఇస్హాక్ దాన్ని దుకాణానికి తెచ్చి, బల్లకు బిగించి, ఆకురాయి పట్టాడు. తెల్లపట్టీ పెళుసుగా విరిగి నేల మీద రాలింది. ఉప్పుకాగితంతో నున్నగా చేసి రంగు వేసేదాకా అన్నీ కలిపి పూటన్నా పట్టలేదు. దూరం నుంచి చూశాడు. అందం ఏమీ పోలేదు. పోయుంటే బాగుండేదనిపించింది.

నెల తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, గిటారు తీసుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లాడు. కావేరి ఈసారి వద్దనలేదు. కొత్తగా చెక్కిన ఏటవాలును అరచేత్తో నిమిరింది.

"డాక్టరుగారు ఎడమ చేతికి చేస్తామన్నారు. వాడకం తక్కువున్న చేతికే చేస్తారట. ఈయనే ఒప్పుకోలేదు. తీగలు నొక్కేది ఎడమ వేళ్లే, వాటికేమైనా అయితే ఎలా, కుడి చేతికే చేయండి అన్నారు. ఆ చెయ్యి గిటారు అంచుకు ఆనుతుంది కదండీ అని నేనే అన్నాను."

"ఏమన్నడు?"

"ఇస్హాక్ భాయ్ ఉన్నారుగా, చెక్కి ఇస్తారు అన్నారు."